పిడుదు పట్టు వేరు, పేను పట్టు వేరు: గొర్రెల మీంచి వదిలించే పద్ధతి

అనంతపురం, కర్నూలు వైపు మందల్లో పిడుదులూ ఉంటాయి, పేలూ ఉంటాయి. రెండింటికీ ఒకసారి మందు కొట్టి ఊరుకుంటే కొద్దిరోజుల్లో పేలు మళ్ళీ కనబడతాయి. పిడుదును గోటితో లాగితే దాని నోరు చర్మంలో తెగి పుండు పడుతుంది.

పిడుదు నిజానికి సాలీడు కోవకు చెందినది; పెద్దదానికి ఎనిమిది కాళ్ళు. కాలి కొసన రెండు కొక్కేలు, వాటి మధ్య అతుక్కునే మెత్తటి దిండు. గరుకు చోట కొక్కేలు, నున్నటి చోట దిండు పనిచేస్తాయి. అందుకే బొచ్చులోనూ నడుస్తుంది, బోడిగా ఉండే పొదుగు మీదా నడుస్తుంది. రక్తం తాగేటప్పుడు మాత్రం పట్టంతా నోటిదే. చర్మంలోకి దిగే ముల్లుకు పళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయి. చాలా రకాలు ముల్లు చుట్టూ జిగురు కూడా కార్చి గట్టిపరుచుకుంటాయి.

చెవుల లోపల, తోక కింద, చంకల్లో, గజ్జల్లో, గిట్టల మధ్య వెతకండి. ముల్లు తీసే సన్న చిమటాను చర్మానికి ఆనించి, పిడుదును తల దగ్గర పట్టుకోవాలి. పొట్ట నొక్కకూడదు. తిప్పకుండా, కుదపకుండా, నిదానంగా నేరుగా పైకి లాగాలి. కిరోసిన్ పోయడం, బీడీతో కాల్చడం మానుకోండి: అది కక్కిన ఉమ్మి గాయంలోకి పోతుంది, జబ్బు ఉంటే అదీ పోతుంది. నోటి ముక్క మిగిలితే తవ్వొద్దు, అయోడిన్ రాసి వదిలేయండి. తీసినదాన్ని గోటి మీద నలపకుండా స్పిరిట్ సీసాలో వేయాలి. చేతికి గ్లౌజు తప్పదు.

పేను సంగతి వేరు. రక్తం పీల్చే పేనుకు కాలి చివర ఒకే గోరు. అది మడుచుకుని వెంట్రుకను బిగిస్తుంది. చర్మం మీది పొట్టు, జిడ్డు తిని బతికే రకం వెంట్రుకను దవడలతో పట్టుకుంటుంది. రెండూ గాజులాంటి నున్నటి దాని మీద నిలవలేవు. గొర్రె పేను మనిషి తలకెక్కి కాపురం పెట్టదు. ఈపులను (తన గుడ్లను) వెంట్రుకకు జిగురుతో అతికిస్తుంది, మందు వాటిని సరిగా చంపదు. కాబట్టి ఉన్ని ఉండే నల్లగొర్రెలకు ముందు దాన్ని కత్తిరించండి, పేల పట్టు సగం అక్కడే పోతుంది. తర్వాత మందు, మళ్ళీ 14 రోజులకు రెండోసారి. ఆ గడువులో ఈపులు పగులుతాయి, కొత్త పేలు ఇంకా గుడ్లు పెట్టవు.

మిల్లీలీటరుకు 12.5 మిల్లీగ్రాముల డెల్టామెత్రిన్ (పురుగుమందు) ఉన్న సీసా అయితే పిడుదులకు లీటరు నీళ్ళకు 2 మి.లీ. వాడుక. సీసా మీది పాళ్ళు వేరుగా ఉంటే దాన్నే పాటించండి. పాలిచ్చేవాటికి, గొర్రెపిల్లలకు పశువుల డాక్టరును అడగండి. ఉదయం పూట, ముందు కడుపునిండా నీళ్ళు తాపి, బొచ్చుకు ఎదురుగా, చర్మం తడిసేదాకా కొట్టాలి. పైపైన తడిపితే పని జరగదు. మిగిలిన మందు కుంటలో పోస్తే చేపలు చస్తాయి.

అదే రోజు రొప్పం (మందను తోలే దొడ్డి) కూడా చూడండి. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కిందకు రాలి, రాతిగోడ సందుల్లో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. పేర్చిన రాళ్ళ సందులను సిమెంటుతో పూడ్చాలి, పెంటను దూరంగా తీసేయాలి. కడప బండలు పరిస్తే అతుకుల్లోనూ సిమెంటు దట్టించాలి. కాలి దిండు ఉన్న పిడుదు నున్నటి బండ ఎక్కగలదు, కానీ సందు లేకపోతే అక్కడ గుడ్లు దాచుకోలేదు.