విశాఖ చలికాలంలో ఇంటి ఆకులు, ఏరుకున్న కూరలు: ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

చలికాలంలో మొక్కల గురించి ఇంటర్నెట్‌లో దొరికే సలహాలు చాలావరకు మంచు కురిసే ఊళ్లవి. మొక్కను లోపల పెట్టండి, చలి తగలనివ్వకండి అంటాయి. లంబసింగిలో, అరకులో ఉన్నవాళ్లకు అవి పనికొస్తాయేమో. విశాఖ నగరంలో జనవరి రాత్రి కూడా సాధారణంగా 15 డిగ్రీల కంటే కిందికి దిగదు. వామాకు, తులసి, పుదీనా, కరివేపాకు ఈ చలికి చావవు. మన దగ్గర వాటిని చంపేది తడి. అక్టోబరు, నవంబరు వానలకు కుండీల్లో దిగిన నీళ్లు, రాత్రి మంచు, సముద్రపు గాలిలో తేమ, నీడ పడిపోయిన బాల్కనీ. కింద చెప్పిన సమస్యల్లో కొన్నిటికి మూలం ఇదే.

మట్టి తడిగానే ఉంది, అయినా వామాకు వాడిపోతోంది

ఆకులు పసుపెక్కి రాలతాయి. కాడ మొదలు మెత్తబడి నల్లగా అవుతుంది. చూసినవాళ్లకు నీళ్లు చాలలేదనిపించి ఇంకో చెంబు పోస్తారు. దాంతో రెండు రోజుల్లో మొక్క ఒరిగిపోతుంది. పుదీనాకూ ఇదే గతి పడుతుంది. కాకపోతే అది తడిని కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది.

కారణం: వేరు కుళ్లు. ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు నీళ్లు పోసిన అలవాటు డిసెంబరులోనూ కొనసాగుతుంది. ఎండ తగ్గింది కాబట్టి మట్టి ఆరదు. మట్టి రేణువుల మధ్య గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిలిచిపోయి వేరుకు ఊపిరి ఆడదు. ఊపిరాడని వేరు నీళ్లు పీల్చలేదు, అందుకే తడి మట్టిలో ఉండి కూడా మొక్క వాడుతుంది.

ఏం చేయాలి: ముందు కుండీ కింద పెట్టిన పళ్లెం తీసేయండి. అడుగు చిల్లులు మట్టితో పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. వేలు రెండు కణుపుల లోతు దించితే తడి తగలకూడదు. అప్పుడే నీళ్లు పోయాలి, అదీ పొద్దున పూటే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆ తడి అలాగే ఉంటుంది. మొదలు ఇప్పటికే నల్లబడి ఉంటే ఆ మొక్కను కాపాడాలని చూడకండి. పైన గట్టిగా ఉన్న కొమ్మను బెత్తెడు పొడవున కోసి, కింది ఆకులు తీసేసి, కోసిన చోటు ఆరేదాకా కొన్ని గంటలు నీడలో ఉంచి, తర్వాత కొత్త మట్టిలో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేరు పోస్తుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపితే వామాకుకు సరిపోతుంది. పచ్చి గెత్తం వేయకండి, అది వేరును కాలుస్తుంది.

తులసి బోడిగా అయిపోతోంది

దీనికి రెండు కారణాలు ఉంటాయి. ఎక్కువమంది మొదటిదాన్ని గమనించరు.

దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. విశాఖలో జూన్ మధ్యాహ్నం నడినెత్తి దాటి కొంచెం ఉత్తరంగా ఉండే సూర్యుడు, డిసెంబరు మూడో వారానికి దక్షిణాన సుమారు 49 డిగ్రీల ఎత్తుకే పరిమితమవుతాడు. పగలు కూడా 11 గంటలకు తగ్గుతుంది. అంటే మేలో చక్కగా ఎండపడిన ఉత్తరం బాల్కనీ డిసెంబరులో పూర్తిగా నీడ. అపార్ట్‌మెంట్లలో ఎదురు బ్లాకు నీడ కూడా పొడుగవుతుంది. తులసికి రోజుకు కనీసం నాలుగైదు గంటల నేరు ఎండ కావాలి. కుండీని సంక్రాంతి దాటేదాకా దక్షిణం వైపుకో, డాబా మీదకో మార్చండి. తులసి కోట కదలదు కదా అంటే, పక్కన రెండో మొక్క పెంచుకోండి.

రెండో కారణం మన చేతులే. కార్తీకం పూజలు అవ్వగానే ధనుర్మాసం వస్తుంది. రోజూ దళాలు కోస్తాం. పైగా ఈ కాలంలో జలుబుకు కషాయానికీ అదే మొక్క. నెమ్మదిగా పెరిగే కాలంలో ఎక్కువగా కోయడం అన్నమాట. ఒకసారికి మూడో వంతు ఆకుకు మించి తీయకండి. పూజకు ఒక మొక్క, కషాయానికి ఒక మొక్క విడిగా ఉంటే రెండూ బతుకుతాయి. మంజరులు ముదరకముందే తుంచితే మొక్క బలం ఆకుకు పోతుంది. విత్తనం కావాలంటే రెండు మూడు మంజరులు వదిలితే చాలు.

కరివేపాకు కొత్త చిగురు వేయకపోయినా టెన్షన్ పడకండి. చల్లగా ఉన్నన్నాళ్లూ దాని పెరుగుదల మందగిస్తుంది. ఎరువు వేసి తొందరపెట్టకుండా ఫిబ్రవరి దాకా ఆగితే చాలు.

ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగులోకి మారాయి

పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ లాంటి సముద్రం దగ్గరి ఇళ్లలో ఇది మామూలే. గాలితో వచ్చే ఉప్పు ఆకు మీద పేరుకుని అంచుల నుంచి నీళ్లు లాగేస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మట్టిలోనూ ఉప్పు చేరుతుంది. కుండీ అంచున తెల్లటి పొర కట్టిందంటే అదే గుర్తు. వారానికోసారి పొద్దున మంచినీళ్లతో ఆకులు కడగండి. నెలకోసారి కుండీ నిండా కుళాయి నీళ్లో పట్టిపెట్టుకున్న వాన నీళ్లో పోసి, అడుగు నుంచి బాగా కారిపోనివ్వండి. తర్వాత మట్టి ఆరేదాకా మళ్లీ పోయొద్దు. సముద్రం వైపు ఒక షేడ్‌నెట్ కడితే ఉప్పు చాలావరకు ఆగుతుంది.

ధనియాలు చల్లితే మొలవలేదు

విశాఖలో కొత్తిమీరకు చలికాలమే అసలు అదను, కాబట్టి తప్పు కాలానిది కాదు. కిరాణా ధనియాలు పాతవైనా అయి ఉండాలి, లేదా గింజ గింజగానే వేసి ఉండాలి. ప్రతి ధనియంలో రెండు విత్తులు ఉంటాయి. చెప్పుతోనో గరిటెతోనో మెల్లగా నలిపి రెండు బద్దలు చేయండి, పొడి అవకూడదు. రాత్రంతా నానబెట్టి అరంగుళం లోతున వేయండి. పది పన్నెండు రోజులకు మొలక కనబడుతుంది. నారు తీసి నాటకండి, వేరు కదిలితే తొందరగా పూతకొస్తుంది.

ఎండబెట్టిన ఆకు నల్లబడింది, బూజు పట్టింది

అన్నిటికంటే ఎక్కువ ఆకు పాడయ్యేది ఇక్కడే. రాయలసీమలో నీడన పరిస్తే రెండు రోజుల్లో గలగలలాడే మునగాకు, విశాఖలో నాలుగు రోజులైనా మెత్తగా ఉంటుంది. పగలు ఆరినది రాత్రి గాలిలోని తేమ పీల్చి మళ్లీ మెత్తబడుతుంది. అలా నెమ్మదిగా ఆరే ఆకు నల్లబడుతుంది, నలిగిన చోటైతే ఇంకా తొందరగా. నేరుగా ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది కానీ రంగు, వాసన, విటమిన్ ఎ పోతాయి.

మన గాలికి సరిపడే పద్ధతి ఇది. ఆకు కోసేది పొద్దున తొమ్మిది, పది మధ్య, మంచు ఆరాక. కడిగాక నీళ్లు పూర్తిగా దులిపి పాత నూలు పంచె మీద ఒక్క పొరగా పరవండి. ఒకదాని మీద ఒకటి పడితే మధ్యది నల్లబడుతుంది. పైన ఫ్యాన్ వేయండి. సాయంత్రం ఐదు కాగానే ఆ గది కిటికీలు మూసేయాలి, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉండాలి. ఈ ఒక్క పని చేస్తేనే తేడా తెలిసిపోతుంది. చివర్లో మూకుడు వేడిచేసి, పొయ్యి ఆర్పేసి, ఆకు అందులో వేసి ఒకటి రెండు నిమిషాలు కలపండి. వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి, కాడ వంగకుండా విరగాలి.

పూర్తిగా చల్లారాకే గాజు సీసాలో పెట్టండి. మూడు రోజుల తర్వాత ఒకసారి చూడండి. లోపల ఆవిరి పట్టినా, ఆకు మెత్తబడినా తీసి మళ్లీ ఆరబెట్టవచ్చు. బూజు కనబడితే మాత్రం, ముక్క వాసన వచ్చినా సరే, సీసా మొత్తం పారేయాలి. పైన కనబడినంత మేరకు ఏరేస్తే సరిపోదు.

మునగాకు, పుదీనా, నిమ్మగడ్డి, తులసి ఇలా బాగా ఆరతాయి. వామాకు దళసరి, లోపలంతా నీరే, దాన్ని ఎండబెట్టాలని చూడకండి. బజ్జీలు వేసుకోండి, పెరుగు పచ్చడి చేసుకోండి. కొత్తిమీర ఎండితే వాసనే ఉండదు, దానికి నిల్వ పచ్చడి సరైన దారి. కడిగిన కొత్తిమీరను గుడ్డ మీద చెమ్మ లేకుండా ఆరనిచ్చాకే చింతపండు, ఉప్పు, కారంతో నూరాలి. బూజు పట్టిన నిల్వ పచ్చళ్లలో తప్పు ఎక్కువసార్లు ఆ మిగిలిన చెమ్మదే.

ఏరుకొచ్చిన కూర సరైనదో కాదో తెలియడం లేదు

వానలు వెళ్లాక ఖాళీ స్థలాల్లో, పెందుర్తి, ఆనందపురం వైపు పొలం గట్ల మీద పాయల కూర, పొన్నగంటి, కామంచి కనబడతాయి. వీటి రుచి నిజంగా బాగుంటుంది, వదులుకోవాల్సినవి కావు. అయితే ప్రతిదానికీ ఒక పరీక్ష తెలిసి ఉండాలి.

పాయల కూర కాడ లావుగా, నీటితో నిండి ఉంటుంది. విరిస్తే నీళ్లలాంటి రసం వస్తుంది. దాని పక్కనే నేలకు పాకే నానబాలు రకాలను విరిస్తే పాలు కారుతాయి. పాలు వచ్చిందంటే పాయల కూర కాదు, పారేసి చేతులు కడుక్కోండి. ఆ పాలు కంట్లో పడితే మంట, వాపు వస్తాయి. కామంచి పండ్లు నల్లగా మగ్గినవే తినాలి. పచ్చి కాయలో విషం ఉంటుంది. బీచ్‌లో ఇసుక మీద పాకే, మేక డెక్కలాంటి ఆకు, ఊదా పూల తీగ చూడటానికి తూటికూర చుట్టంలా ఉంటుంది, కానీ అది కూర కాదు.

పొన్నగంటిది వేరే చిక్కు. మొక్కను గుర్తుపట్టడంలో పొరపాటు పడకపోయినా, అది పెరిగిన చోటు మంచిది కాకపోవచ్చు. మన గెడ్డల పక్కన అది ఏపుగా పెరుగుతుంది, ఆ గెడ్డల్లో మురుగు పారుతుంది. అలాంటి చోట సీసం, కాడ్మియం లాంటి లోహాలను మొక్క లోపలికే పీల్చుకుంటుంది. ఎన్నిసార్లు కడిగినా అవి పోవు. గెడ్డల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర, వాహనాల రద్దీ ఉన్న రోడ్ల అంచున ఏదీ కోయకండి. దానికి బదులు రైతుబజారులో శుభ్రమైన కట్ట కొని, ఆకులు కూరకు తీసుకుని, ముదురు కాడలు కుండీలో గుచ్చండి. వేరు చాలా తేలిగ్గా పోస్తుంది. కొన్నాళ్లకు ఇంట్లోనే కోసుకోవచ్చు.

కంబాలకొండ అభయారణ్యంలో అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

కూర తిన్నాక నోరెండి, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడు

ఇది వేచి చూడాల్సిన సమస్య కాదు. ఖాళీ స్థలాల్లో ఆకుకూరలతో పాటు లేత ఉమ్మెత్త కూడా మొలుస్తుంది. గుప్పిళ్లతో కోసేటప్పుడు రెండు ఆకులు కలిసిపోవచ్చు. నోరు ఎండిపోవడం, ఒళ్లు ఎర్రబడి వేడెక్కడం, చూపు మసకబారడం, కంటి పాపలు పెద్దవవడం, గుండె దడ, సంబంధం లేని మాటలు దాని విష లక్షణాలు. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా కేజీహెచ్‌కో దగ్గర్లోని పెద్ద ఆసుపత్రికో తీసుకెళ్లండి. బలవంతంగా వాంతి చేయించొద్దు, మజ్జిగ, నిమ్మరసం పట్టించొద్దు. మిగిలిన పచ్చి ఆకు, వండిన కూర కొంచెం సంచిలో వేసుకుని వెళ్లండి. డాక్టరుకు అది చాలా ఉపయోగం. ఇలా జరగకుండా ఉండాలంటే కోసేటప్పుడే ఒక్కో మొక్కను చూసి కోయాలి, వండేముందు ఇంకోసారి ఆకు ఆకు విడదీసి చూడాలి.

నల్లేరు, చేమాకు తింటే గొంతు దురద

వాటిలో సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. లేత కణుపులే కోయండి, చేతికి నూనె రాసుకుని తరగండి, బాగా వేయించి చింతపండు దండిగా వేయండి. పాయల కూరలోనూ ఆక్సలేట్లు ఎక్కువే, కాకపోతే దురద పుట్టించవు. కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు దాన్ని ఉడికించి ఆ నీళ్లు పారబోసి, పెరుగుతో కలిపి, ఎప్పుడో ఒకసారి మాత్రమే తినడం మంచిది.

కషాయం చేదెక్కింది, కడుపులో మంట

అన్నీ ఒకేసారి వేసి సగమయ్యేదాకా మరిగించడమే దీనికి కారణం. అల్లం, మిరియాలు మరగాలి. తులసి, వామాకు మరిగితే వాటి సువాసన నూనె ఆవిరిలో పోయి చేదే మిగులుతుంది. రెండు గ్లాసుల నీళ్లలో అరంగుళం అల్లం, నాలుగు మిరియాలు ఐదు నిమిషాలు మరిగించి పొయ్యి ఆపండి. అప్పుడు ఆరేడు తులసి ఆకులు, రెండు వామాకులు తుంచి వేసి ఐదు నిమిషాలు మూత పెట్టండి. వడకట్టి బెల్లం కలపండి. పరగడుపున తాగితే మంట పుట్టేవాళ్లు టిఫిన్ తర్వాత తాగాలి. బెల్లానికి బదులు తేనె కలిపేవాళ్లు గుర్తుంచుకోండి, ఏడాది నిండని పిల్లలకు తేనె చుక్క కూడా ఇవ్వకూడదు.

తిప్పతీగ విషయంలో జాగ్రత్త. కోవిడ్ రోజుల్లో దాన్ని వారాల తరబడి తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణతో ఏకీభవించలేదు. నా అభిప్రాయం మాత్రం డాక్టరు చెప్పకుండా రోజూ తాగొద్దనే. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆపి పరీక్ష చేయించుకోండి. దగ్గు రెండు వారాలు దాటితే ఏ కషాయంతోనూ నెట్టుకురాకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు.