ఊళ్లో ఒంటరిగా ఉన్న అమ్మానాన్నల చుట్టూ నలుగురిని నిలుపుకోవడం ఎలా

రెండేళ్ల కిందట ఒక ఉదయం దేవరకద్ర దగ్గరి మా ఊరి నుంచి పక్కింటి వదిన ఫోన్ చేసి, "ఏడున్నరైనా అత్తమ్మ వాకిట్ల సాన్పు పడలే, తలుపు కొడితే పలుకుతలేదు" అని చెప్పింది. సాన్పు అంటే పొద్దున్నే వాకిట్లో చల్లే కళ్లాపి. నేను హైదరాబాదులో ఉన్నాను. ఆమె దొడ్డిదారిన లోపలికి వెళ్లేసరికి అమ్మ ఒళ్లంతా చెమటతో, మాట తడబడుతూ మంచం మీద కూర్చుని ఉంది. రాత్రి అన్నం తినకుండా షుగరు మాత్ర వేసుకోవడం వల్ల రక్తంలో చక్కెర పడిపోయిందని తరువాత తెలిసింది. అమ్మకు తెలివి ఉండి మింగగలిగే స్థితిలోనే ఉన్నందున వదిన చక్కెర నీళ్లు తాగించింది, పావుగంటకు అమ్మ తేరుకుంది. ముందురోజు రాత్రి నేను ఫోన్ చేసి "తిన్నావా" అని అడిగితే అమ్మ "తిన్న" అనే చెప్పింది. పొయ్యి వెలగలేదన్న సంగతి ఫోన్‌లో కనిపించదు.

గుంపు మేస్త్రీల వెంట ముంబై, పుణె, హైదరాబాదులకు పనికి పోయే పాలమూరు పల్లెల్లో, పెద్దవాళ్లు ఒంటరిగా మిగిలిన ఇళ్లు వాడకు కొన్నైనా ఉంటాయి. డబ్బు పంపడం, ఫోన్ చేయడం చాలామందిమి తప్పకుండా చేస్తున్నాము. వారిని రోజూ కళ్లారా చూసే మనిషిని ఏర్పాటు చేయడం మాత్రం మరిచిపోతున్నాము.

మనుషుల తోడు ఆరోగ్యానికి ఎంత అవసరమో వైద్య పరిశోధనలు చాలాకాలంగా చెబుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక కౌంటీకి చెందిన దాదాపు 7,000 మందిని 9 ఏళ్లు గమనించి 1979లో ప్రచురించిన అధ్యయనంలో, సంబంధాలు అతి తక్కువగా ఉన్నవారి మరణాలు, బాగా ఉన్నవారి కంటే రెండు రెట్లకు పైగా కనిపించాయి. పొగతాగడం వంటి అలవాట్లను లెక్కలోకి తీసుకున్నా తేడా పోలేదు. 2010లో 148 అధ్యయనాలను, మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసినప్పుడు, గట్టి సంబంధాలు ఉన్నవారు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా తేలింది. ఒంటరితనం మనసును కుంగదీయడమే కాక నిద్రను చెడగొడుతుంది, రక్తపోటును పెంచుతుంది.

వీటికి తోడు పల్లెలో కళ్ల ముందే కనిపించే కారణాలు కొన్ని ఉన్నాయి. ఒక్క ప్రాణానికి ఎవరు వండుతారులే అని పూట దాటవేయడం, అరికాలిలో పుండు పడినా చూసి చెప్పేవారు లేకపోవడం, పడిపోతే లేపే చెయ్యి లేకపోవడం అన్నీ చివరికి జబ్బులే అవుతాయి. పక్షవాతం విషయం మరీ ముఖ్యం. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చే పక్షవాతానికి, ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. అందుకే ఆసుపత్రిలో "ఈమె చివరిసారి మామూలుగా ఎప్పుడు కనిపించింది?" అని ముందుగానే అడుగుతారు. రోజూ చూసే మనిషి లేని ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

పని ఒక లెక్కతో మొదలుపెట్టండి. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని, నిన్న పొద్దు పొడిచినప్పటి నుంచి పడుకునే వరకు ఎవరెవరితో మాట్లాడిందో ఒక్కొక్కరినీ గుర్తు చేయించండి. మా అమ్మ లెక్కలో ముగ్గురే వచ్చారు: పాలు పోసే పిల్లవాడు, కిరాణా దుకాణం ఆయన, వదిన. అటుపక్క రెండిళ్లకు తాళాలే ఉన్నాయి. ఈ లెక్క తీయనిదే ఎవరిని అడగాలో తెలియదు.

తరువాత ఇద్దరిని ఎంచుకోండి. ఒక్కరైతే వాళ్లు పెండ్లికో, పత్తి ఏరడానికో పోయిన రోజే ఆపద రావచ్చు. వాళ్ల ఇంటికి మీరే అమ్మను వెంటబెట్టుకొని వెళ్లి, గడపలో కూర్చుని అడగండి. "కొంచెం చూసుకోండి" అన్న మాట మర్యాదకే సరిపోతుంది, దానితో ఎవరికీ పని అప్పగించినట్లు కాదు. "ఏడు గంటలకు వాకిట్లో సాన్పు పడకపోతే తలుపు కొట్టండి, పలకకపోతే నాకు ఫోన్ చేయండి" అని స్పష్టంగా చెప్పండి. మీ నంబరును, ఊళ్లోనే ఉండే ఇంకొకరి నంబరును, 108ని తలుపు పక్క గోడ మీద దూరం నుంచి కనిపించేంత పెద్దగా రాయండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు కూడా పోయకూడదని, వెంటనే 108కి ఫోన్ చేయాలని ఆ ఇద్దరికీ తప్పక చెప్పండి. నెలకోసారి ఆశా కార్యకర్తను కలిసి బీపీ, షుగరు మాత్రలు ఎన్ని మిగిలాయో సరిచూసుకోవాలి.

ఈ సాయానికి నెలకింత అని డబ్బు కట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. డబ్బు కడితే వదిన పనిమనిషి అవుతుంది, అమ్మ భారమవుతుంది. అమ్మ చేతి నుంచి కూడా ఏదో ఒకటి అటు వెళ్లాలి. బడి నుంచి వచ్చిన వదిన కొడుకు చీకటి పడేదాకా మా అరుగు మీదే ఉంటాడు. అమ్మ వాడికి సర్వపిండి చేసి పెడుతుంది, ఎక్కాలు అప్పగించుకుంటుంది. వాడికోసం చేసే వంటలో తనూ ఒక ముక్క తింటుంది. ఆ ఉదయం తరువాత అమ్మ తిండి సరిపడటానికి నా ఫోన్ల కంటే ఆ పిల్లవాడే ఎక్కువ కారణం.

గుంపులో కలవడానికి కొత్తగా ఏదీ ఏర్పాటు చేయనక్కరలేదు. శనివారం ఆంజనేయస్వామి గుడిలో భజన, పింఛను ఇచ్చే రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర చెట్టు కింద ముచ్చట, బతుకమ్మ తొమ్మిది రోజులు ఉండనే ఉన్నాయి. వయసులో వారికి దేనిమీద మక్కువ ఉండేదో అడిగి, దానికే తోలండి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు నడుములు వంగి, కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలకు గుడి దాకా నడవడమే కష్టం. అటువంటి చోట భజనను నెలకోసారైనా వారి అరుగు మీదికి తేవాలి. వాడ వేరని కొందరిని పిలవకపోవడం ఇప్పటికీ ఉంది. ఎవరిని పిలవడం లేదో చూసి, వారి ఇంటికి ముందుగా వెళ్లాలి.

భార్య పోయిన మగవారి సంగతి ఇంకా కష్టం. చుట్టాలతో, ఇరుగుపొరుగుతో మాట కలుపుతూ వచ్చినది ఆ ఇల్లాలే కాబట్టి, ఆమెతోపాటే రాకపోకలు కూడా ఆగిపోతాయి. అటువంటివారికి ఊరికే కూర్చుని మాట్లాడుకోమంటే కుదరదు, చేతికి పని కావాలి. గొర్లను చూడటమో, గుడి దీపం బాధ్యతో అప్పగిస్తే మనుషుల్లోకి వస్తారు. ఏ పనీ లేకపోతే కల్లు దుకాణం ఒక్కటే తోడవుతుంది, ఆ తోడు ఒంటికి మంచిది కాదు. దిగులు చాలా రోజులు తగ్గకపోతే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల సమస్యలకు 14567 ఉంది.

ఫోన్ చేయడం మానవద్దు, అడిగే ప్రశ్న మార్చండి. "తిన్నావా" అంటే "తిన్న" అనే వస్తుంది. "ఇయ్యాల ఏం కూర వండినవు, ఎవరొచ్చిండ్రు" అని అడిగితే రోజంతా బయటికి వస్తుంది.

ఈ ఏర్పాటును ఏడాదికి ఒకసారైనా తిరిగి సరిచూసుకోవాలి. మేము కురుమూర్తి జాతరకు ఊరికి వెళ్లినప్పుడు ఆ పని చేస్తాము. ఈసారి జాతర ముగిశాక వదినవాళ్లు పనికి పుణె వెళ్తున్నారు, పిల్లవాడిని హాస్టల్లో వేస్తారట. వాకిలి చూసే పని ఎవరికి అప్పగించాలా అని నేను ఆలోచిస్తుండగా, అమ్మ వెనక వాడలోని ఒక పెద్దవ్వ పేరు చెప్పింది. ఆమె కూడా ఒంటరిదే. పొద్దున్నే ఒకరి వాకిలి ఒకరు చూసుకోవాలని వాళ్లిద్దరూ అప్పటికే మాట్లాడుకున్నారు.