ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మన ఊళ్లకు తెలుగు పేర్లు ఎక్కించాలంటే

ఎవరైనా మార్చగలిగే ఉచిత మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఓఎస్ఎం). అందులో మన ఊళ్లు చాలానే ఉన్నాయి, కానీ తెలుగు పేరు లేనివి ఇంకా బోలెడు. జాబితా పెట్టి ఒకేసారి ఎక్కించొచ్చు, దానికో పద్ధతుంది.

ముందు జాబితా ఎక్కడిదో చూసుకోండి. గూగుల్ మ్యాప్స్ నుంచి ఒక్క పేరు కూడా తీసుకోవద్దు. తెలుగు వికీపీడియాలో ఊళ్ల వ్యాసాలు వేలల్లో ఉన్నా, దాని లైసెన్సు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడే ఓడీబీఎల్ లైసెన్సుతో కుదరదు. వికీపీడియాకు తోడుగా ఉన్న సమాచార భాండారం వికీడేటా లైసెన్సు సీసీ0, అంటే ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చు, కాబట్టి పేర్ల వరకు అదే నయం. అక్కడి అక్షాంశ రేఖాంశాలు మాత్రం మ్యాపులోకి ఎక్కించొద్దు, చాలావాటికి మూలం ఏమిటో తెలియదు. ప్రభుత్వ జాబితా అయితే వాడుకోవచ్చని రాతపూర్వకంగా ఉండాలి.

ఏం చేయబోతున్నారో ఓఎస్ఎం వికీలో ఒక పేజీ రాసి, మన దేశపు మ్యాపర్లకు చూపించి, వాళ్లు సరే అన్నాకే మొదలుపెట్టండి. ఈ పనికి విడిగా ఒక అకౌంట్ తెరవాలి. ఆలస్యమవుతుందని ఈ మెట్టు దాటేస్తే మీరు ఎక్కించినదంతా ఎవరో ఒకరు వెనక్కి తిప్పేస్తారు, అలా తిప్పడం సబబే కూడా.

అసలు కష్టం పేర్లతోనే. ఇంగ్లిష్ స్పెల్లింగును మిషన్‌కి ఇచ్చి తెలుగు చేయించకండి, ఎందుకంటే ఆ స్పెల్లింగులో త, ట తేడా ఉండదు, ద, డ తేడా ఉండదు, దీర్ఘాలు అసలే ఉండవు, గూడూరు కాస్తా గుదుర్ అయి కూర్చుంటుంది. ఆ ఊరివాళ్లు చూస్తే ఎంత బాధపడతారో ఆలోచించండి. మహబూబ్‌నగర్ లాంటి పేర్లలో బ్ తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, ఫైలు శుభ్రం చేసేటప్పుడు అది ఎగిరిపోతే బ, న కలిసి ఒత్తయిపోతాయి. తెలుగు అక్షరాలు చెడకుండా ఫైలు ఎప్పుడూ యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లోనే సేవ్ చేయండి.

ఇక జతపరచడం. మ్యాపులో కావాల్సినవి వెతికి దించుకునే ఓవర్‌పాస్ టర్బో అనే సైటుతో ఒక్క మండలం ఊళ్లు దించుకుని, జోసమ్ అనే మ్యాపు ఎడిటరులో రెండు జాబితాల్ని పోల్చి జతచేసే కన్‌ఫ్లేషన్ ప్లగిన్‌తో మీ జాబితాకి జోడించండి. పేరొక్కటే చూసి జోడిస్తే దెబ్బతింటారు, కొత్తపల్లి, రామాపురం లాంటివి ఎన్ని ఊళ్లకున్నాయో మీకు తెలిసిందే. పేరు, మండలం, దూరం (జాబితాలోని చోటుకూ మ్యాపులోని చోటుకూ మధ్య) మూడూ కలవాలి, మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా పక్కన పెట్టి తర్వాత కళ్లతో చూడండి. జిల్లా పేరును నమ్ముకోవద్దు: తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి, పోలవరం ముంపు మండలాలైతే 2014లో రాష్ట్రమే మారాయి. పాత జాబితాల్లో ఇవన్నీ పాత చోటే ఉంటాయి.

మ్యాపులో ఒక్కో వివరం రాసే గడిని ట్యాగు అంటారు. తెలుగు పేరు వెళ్లాల్సింది తెలుగుకున్న నేమ్ ట్యాగు (name:te) లోకే, మామూలు నేమ్ ట్యాగు (name) ముట్టుకోకండి. తెలుగు ట్యాగులో ఇప్పటికే ఎవరైనా పేరు రాసి ఉంటే అదే ఉంచండి, మీ జాబితాకన్నా ఆ రాసినవాళ్లకే ఊరు బాగా తెలిసుండొచ్చు.

మొదటి మండలం ఎక్కించాక కొన్నాళ్లు ఆగి, చేంజ్‌సెట్ (ఒకసారి ఎక్కించిన మార్పుల కట్ట) మీద వచ్చిన కామెంట్లకు జవాబిచ్చి, అప్పుడు రెండోదానికి వెళ్లండి. తప్పు దొరికితే జోసమ్‌లోని రివర్టర్ ప్లగిన్‌తో ఆ చేంజ్‌సెట్ మొత్తం తీసేయొచ్చు, అందుకే ఒక్కో మండలానికి ఒక్కో చేంజ్‌సెట్ పెట్టుకోండి.