రబ్బరుతో బాగుపడిన కంప్యూటర్

ఒంగోలు దగ్గర కొత్తపట్నంలో మాకు రొయ్యల చెరువులున్నాయి. మేత లెక్కలన్నీ ఓ పాత కంప్యూటర్‌లోనే. మొన్న రాత్రి లెక్కలు ఎక్కిస్తుండగా అది ఉన్నట్టుండి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేస్తే ఫ్యాన్ తిరుగుతోంది, దీపం వెలుగుతోంది, తెర మాత్రం అమావాస్య.

మానిటర్‌ను అనుమానించి కేబుల్ ఊడదీశాను. సిగ్నల్ లేదని తెర మీద చూపించింది, అంటే దానికేమీ కాలేదు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలు కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెర మీద బొమ్మను నడిపే ప్రోగ్రామ్, మళ్లీ మొదలవుతుంది. కానీ అది విండోస్ నడుస్తున్నప్పుడు పనికొచ్చే చిట్కా. ఇక్కడ విండోస్ కంటే ముందు కనిపించే కంపెనీ గుర్తే రావడం లేదు!

ప్లగ్గు తీసేసి, లోపల మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టి, పెట్టె విప్పాను. లోపల జానెడు బూజు. కంప్యూటర్‌కు తాత్కాలిక జ్ఞాపకశక్తి లాంటి ర్యామ్ ముక్కలు రెండూ బయటికి తీసి దీపం కింద చూస్తే, బంగారు రంగు పట్టీల మీద మసక పొర. సముద్రపు ఉప్పుగాలి మా ఊళ్లో తలుపు గొళ్లేలనే వదలదు, దీన్ని వదులుతుందా? మా అబ్బాయి పెన్సిల్ రబ్బరుతో ఆ పట్టీలను మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడిచాను. ఒక్క ముక్కనే గాడిలో పెట్టి, క్లిప్పులు టక్కుమనే దాకా నొక్కాను.

తెర వెలిగింది!

రెండో గాడిలో ఏ ముక్క పెట్టినా మళ్లీ చీకటే. దాన్ని ఖాళీగా వదిలేసి, ముందు లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను.