ఇవనోవ్ పెద్ద బొమ్మ దగ్గరికి వెంటనే పోకండి

రష్యన్ పెయింటర్ అలెగ్జాండర్ ఇవనోవ్ అనగానే అందరూ నేరుగా ‘ప్రజలకు క్రీస్తు దర్శనం’ వెతుక్కుని చూస్తారు. ఫోన్‌లో చూస్తే అది క్యాలెండర్ బొమ్మలాగే ఉంటుంది, దీని మీద ఇరవై ఏళ్లు ఎందుకు పెట్టాడురా బాబూ అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. అందుకే ఇంకో దారిలో రండి.

ముందు ఏళ్లు గుర్తుపెట్టుకోండి. 1806లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు, తండ్రి కూడా పెయింటరే. 1830లో కళాకారుల ప్రోత్సాహక సంఘం కొన్నాళ్లు నేర్చుకు రమ్మని ఇటలీకి పంపింది. మనవాడు తిరిగి వచ్చింది 1858లో! అన్నేళ్లూ డబ్బు టెన్షన్ వదల్లేదు. ఆ బొమ్మలో కనిపించే యోర్దాను నదిని కళ్లారా చూసి గీయాలని పాలస్తీనా ప్రయాణానికి సొమ్ము అడిగితే అదీ రాలేదు, దాంతో ఇటలీలోని చెట్లూ నీళ్లూ రాళ్లతోనే సరిపెట్టుకున్నాడు.

ఇప్పుడు స్టడీలు, అంటే పెద్ద బొమ్మకు ముందు సాధనగా వేసుకున్న చిన్న బొమ్మలు, తెరవండి, మీ టైమంతా ఇక్కడే పెట్టినా నష్టం లేదు. ఆ ఒక్క బొమ్మ కోసం 600కు పైగా గీశాడు. ‘కొమ్మ’ చూడండి, నీలం కొండల ముందు ఒక చెట్టుకొమ్మ, అంతే, కానీ ఒక్కో ఆకు మీద వెలుగు ఒక్కోలా పడుతుంది. నేపుల్స్ తీరంలో ఎండలో బట్టల్లేకుండా ఉన్న పిల్లల స్టడీలు కూడా వదలొద్దు. క్రీస్తు తల కోసమైతే బతికున్న మనుషుల ముఖాలనూ పాత గ్రీకు విగ్రహాలనూ కలిపి చూసుకున్నాడు.

ఆ తర్వాతే పెద్ద బొమ్మ. ఎత్తు 540, వెడల్పు 750 సెంటీమీటర్లు, గీసింది 1837 నుంచి 1857 దాకా. క్రీస్తు ఎక్కడో దూరంగా చిన్నగా ఉంటాడు, ఆయన్ని కాసేపు వదిలేసి జనాన్ని చూడండి. మెడలో తాడున్న బానిస ముఖంలో ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉంటాయి. కుడివైపు గుంపులో క్రీస్తుకు అందరికంటే దగ్గరగా ఉన్నవాడిలో రచయిత గొగోల్ పోలికలుంటాయి, రోమ్‌లో ఇద్దరూ స్నేహితులు. ఎడమవైపు నీటి దగ్గరి ముసలాయన చుట్టుకున్న గుడ్డ తెలుపు, నీళ్లలో దాని నీడ మాత్రం ఎరుపు! ఇరవై ఏళ్లు దిద్దినా అదలాగే ఉండిపోయింది.

1858లో బొమ్మతో ఇంటికొస్తే ఊరు పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాలకే కలరాతో పోయాడు, 51 ఏళ్లకు. జార్ (రష్యా చక్రవర్తి) రెండో అలెగ్జాండర్ 15,000 రూబుళ్లకు బొమ్మ కొన్నాడన్న కబురు ఆ తర్వాత వచ్చింది. అది ఇప్పుడు మాస్కోలోని ట్రెట్యాకోవ్ గ్యాలరీలో ఉంది, దాని చిన్న రూపం పీటర్స్‌బర్గ్ రష్యన్ మ్యూజియంలో.

ఇంకా ఓపికుంటే చివరి ఏళ్లలో వేసిన బైబిల్ వాటర్‌కలర్లు చూడండి. గోడల మీద పెద్దగా వేద్దామనుకుని చేసుకున్న చిత్తుబొమ్మలవి, గోడ దొరకలేదు. నన్నడిగితే పెద్ద బొమ్మ కంటే అవే బాగుంటాయి.