రేడియో దుకాణం పాఠాలు – 3వ భాగం: ఎవరి సెట్లు తెచ్చి పెట్టాలి?

దుకాణానికి చోటు, ఏరియల్ కట్టడానికి మిద్దె గత పాఠంలో చూసుకున్నాము. ఇప్పుడు 1925 శరదృతువులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రపు చిన్న పట్టణంలో కొట్టు తెరవబోయే డీలరు స్థానంలో నిలబడి ఆలోచిద్దాము. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ రేడియో కేంద్రం ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసినప్పటి నుండి సెట్ల తయారీదారులు లెక్కకు మిక్కిలి అయ్యారు. వారిలో వచ్చే ఏడాదికి ఎవరు మిగులుతారన్నది మొదటి ప్రశ్న, పాట ఎంత ఇంపుగా వినిపిస్తుందన్నది రెండవది. సెట్టు మూగబోయిన నాడు కొన్నవాడు కంపెనీకి వెళ్ళడు, మన గడపే తొక్కుతాడు.

ముందుగా పెట్టె మీది పేటెంటు వివరాలను చదవండి. క్రాస్లీ కంపెనీ సెట్ల మీద ఆవిష్కర్త ఆర్మ్‌స్ట్రాంగ్‌కు ఫీడ్‌బ్యాక్ సర్క్యూటుకు 1914లో లభించిన 1,113,149 సంఖ్య గల పేటెంటు ప్రస్తావన, ఫాడా, ఫ్రీడ్-ఐస్‌మన్ కంపెనీల సెట్ల మీద హేజెల్టైన్ రూపొందించిన, ఈలను అణచే న్యూట్రోడైన్ సర్క్యూటు లైసెన్సు ప్రస్తావన కనబడతాయి. ఏ ప్రస్తావనా లేని పెట్టె ఎంత చవకగా వచ్చినా తీసుకోవద్దు. దావా పడి తయారీ ఆగిపోతే విడిభాగాలు దొరకని సరుకు మన అల్మారాలోనే మిగిలిపోతుంది. అయితే లైసెన్సు కూడా పూర్తి అభయం కాదు, న్యూట్రోడైన్ సైతం కోర్టుకెక్కింది.

తరువాత మూత తెరిచి చూడండి. ఆర్‌సీఏ కంపెనీ 1924లో విడుదల చేసిన, ఆరు వాల్వులు (సంకేతాన్ని బలపరచే గాజు గొట్టాలు) గల సూపర్‌హెటరోడైన్ (అందిన సంకేతాన్ని ఒక స్థిర పౌనఃపున్యానికి మార్చి బలపరచే) రకం రేడియోలా సెట్టులో ముఖ్య భాగాలను ఒక డబ్బాలో అమర్చి మైనంతో మూసివేశారు. స్టేషన్లను విడదీసి పట్టడంలో అది మేటి, కాని ఆ డబ్బా లోపల చెడితే కొట్టులో బాగుచేయడం సాధ్యం కాదు, డబ్బానే మార్చాలి. మూడు డయళ్ల అట్వాటర్ కెంట్ 20వ మోడలులో అలాంటి మూసివేత లేదు కనుక, మెకానిక్కు లేని ఊరిలో నేనైతే దీనికే మొగ్గుతాను. ఒకే సరుకులో వచ్చిన మూడు సెట్లను ఒకే ఏరియల్‌కు వంతులవారీగా తగిలించి, ఒకే స్టేషను మూడింటిలోనూ దాదాపు ఒకే అంకెల దగ్గర పలుకుతున్నదేమో రాత్రివేళ పరీక్షించండి. తయారీలో నిలకడ ఉందో లేదో అక్కడ తేలుతుంది.

9.75 డాలర్ల క్రాస్లీ పప్ కొత్తవారిని కొట్టులోకి రప్పిస్తుంది. అయితే ఈ ఒంటి వాల్వు సెట్టులో ఫీడ్‌బ్యాక్ (బలపడిన సంకేతాన్ని తిరిగి వాల్వుకే పంపడం) మితిమీరితే, అది తానే చిన్న ట్రాన్స్‌మిటరై పక్కింటి సెట్టులో ఈల వేయిస్తుంది. పక్కింటివారూ మన ఖాతాదారులే కదా!

గిరాకీ శరత్కాలం నుండి వసంతం వరకే ఉంటుంది. వేసవిలో ఉరుముల చప్పుడు పెరిగి అమ్మకం పడిపోతుంది. గోదాములో సరుకు పేరుకున్న కంపెనీ పెద్ద దుకాణాలకు సగం ధరకు దులిపేస్తే, పూర్తి ధర చెల్లించి నిల్వ చేసిన చిన్న డీలరు మునుగుతాడు. అందువల్ల ధర తగ్గించినప్పుడు మన నిల్వపై తేడా తిరిగి ఇస్తామన్న మాటను కాగితం మీద రాయించుకున్నాకే ఆర్డరు ఇవ్వండి. ఖరీదైనది ఒకటి, చవకది ఒకటి, రెండు పేర్లు చాలు.

అభ్యాసం: ఐదు 201ఎ వాల్వుల సెట్టులో ఒక్కొక్క వాల్వు 0.25 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. 80 ఆంపియర్-గంటల బ్యాటరీతో రోజుకు మూడు గంటలు వింటే, ఎన్నవ రోజున ఛార్జింగుకు పంపాలో లెక్కకట్టి, ఆ జవాబును కొనుగోలుదారుకు సెట్టు అమ్మకముందే చెప్పే విధంగా రెండు వాక్యాలలో రాయండి.