ఎక్స్‌పల్స్, హిమాలయన్ బండ్లకి ట్రైల్ తర్వాత వచ్చే రోగాలు: సమస్య, కారణం, పరిష్కారం

ఇది ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 411 లాంటి అడ్వెంచర్ బండ్లు పెట్టుకుని ట్రైల్‌కి, అంటే మట్టి రాళ్ళ దారుల్లో తిరగడానికి, వికారాబాద్ వైపో గండికోట వైపో లంబసింగి మీదకో వెళ్ళొచ్చే వాళ్ళ కోసం రాస్తున్నా, వేరే బండి అయినా లాజిక్ పెద్దగా మారదు. సైలెన్సర్ గురించి కాస్త ఎక్కువే రాశా, ఎందుకంటే మనవాళ్ళ కంప్లైంట్లలో సగం అక్కడివే, ఇంజిన్ శుభ్రంగా ఉన్న బండిని సౌండ్ కోసం కెలికి పాడుచేసుకుంటున్నారు.

రేజ్ వదిలేస్తే వెనక పటపటా పేలుతోంది

డౌన్‌హిల్‌లో థ్రాటిల్ మూసేసి గేర్ మీద దిగుతుంటే సైలెన్సర్‌లోంచి పటాసుల్లా పేలుతుంది కదా, కొంతమందికి అదే ఇష్టం అనుకోండి, కానీ నిన్నటిదాకా లేనిది ఇవాళ మొదలైందంటే ఎక్కడో గాలి లాగుతోందని అర్థం. కాలకుండా మిగిలిన పెట్రోల్ వేడి పైపులోకి వస్తుంది, దానికి బయటి గాలి తగిలిందా అక్కడే అంటుకుంటుంది, అదే మీకు వినపడే పేలుడు. నూటికి తొంభై సార్లు దొంగ ఎవరంటే బెండు పైపు (ఇంజిన్‌లోంచి పొగ తెచ్చే వంపు పైపు) ఇంజిన్ హెడ్‌కి కలిసే చోట ఉండే రింగు గ్యాస్కెట్, లేదంటే బెండు పైపుకీ సైలెన్సర్‌కీ మధ్య ఉన్న క్లాంప్.

ఎలా పట్టుకోవాలి? ముందు టార్చ్ వేసి జాయింట్ చుట్టూ చూడండి, లీకైన చోట నల్లటి మసి గీతలా బయటికి చిమ్మి ఉంటుంది. అది కనపడకపోతే బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్ళు రెడీ పెట్టుకుని స్టార్ట్ చేసిన వెంటనే జాయింట్ మీద కొట్టండి, బుడగలు వస్తే అదే. ఒక్క నిమిషం ఆలస్యమైతే పైపు కాలిపోయి నీళ్ళు ఆవిరవుతాయి, ఇక ఏమీ తెలీదు.

ఫిక్స్ చిన్నదే కానీ తొందరపడితే ఖర్చు పెద్దది. ఆ రెండు నట్లు ఉండేది హెడ్‌లోకి బిగించిన స్టడ్స్ (తల లేని బోల్టులు) మీద, వేడికి తుప్పుకి అవి కరుచుకుపోయి ఉంటాయి, బలం పెట్టి లాగితే స్టడ్ విరిగి హెడ్‌లో ఉండిపోతుంది, అప్పుడు లేథ్ షాపు చుట్టూ తిరగాలి. ముందురోజు రాత్రే డబ్ల్యూడీ-40 కొట్టి వదిలేయండి. పొద్దున నట్టు కొంచెం వదులు చేయడం, మళ్ళీ కొంచెం బిగించడం, అలా ఆడిస్తూ తీయండి. పైపు దింపాక పాత రింగు పోర్ట్ (హెడ్‌లో పొగ బయటికొచ్చే రంధ్రం) లోపల అతుక్కుని ఉంటుంది, చాలామంది అది చూడకుండా దానిమీదే కొత్తది పెట్టేస్తారు, మళ్ళీ లీకే. చిన్న స్క్రూడ్రైవర్‌తో మెల్లగా లేపి తీసేయాలి. కొత్త రింగు కింద పడిపోకుండా కాస్త గ్రీజు రాసి అతికించండి, పైపు ఎక్కించి రెండు నట్లూ మార్చి మార్చి సమానంగా బిగించండి, ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది పట్టుకుంటే ఫ్లాంజ్ (నట్లు పట్టే పైపు అంచు) వంకరగా కూర్చుంటుంది. ఒకసారి బండి తిప్పి, పూర్తిగా చల్లారాక మళ్ళీ ఒకసారి స్పానర్ పెట్టి చూడండి, కచ్చితంగా కొంచెం తిరుగుతుంది. ఆ రింగు ఒకసారి నలిగితే అంతే, రెండోసారి వాడే వస్తువు కాదు.

ఇంకోటి, ఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్‌తో పెట్రోల్ పోసే) బండ్లలో ఈ లీకుని పట్టించుకోకపోతే మైలేజీ కూడా పడిపోతుంది. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు లీకుంటే బయటి గాలి లోపలికి వచ్చి సెన్సర్‌కి తగులుతుంది, పెట్రోల్ తక్కువైందని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) అనుకుంటుంది, ఇంకాస్త పోస్తుంది. మీరేమో ఇంజెక్టర్ క్లీనింగ్ అంటూ డబ్బులు తగలేస్తుంటారు.

సౌండ్ నెమ్మదిగా పెరుగుతూ పోతోంది

కంపెనీ సైలెన్సరా బయట కొన్నదా అన్నది ముందు చూసుకోండి. కంపెనీది అయితే లోపల గదులు, అడ్డగోడలు వెల్డింగ్ చేసి ఉంటాయి. రబ్బరు సుత్తితో కొట్టి చూడండి, గలగలమంటే లోపల ఒక గోడ ఊడిపోయింది. ఊడకుండా సౌండ్ మాత్రమే పెరిగితే అడుగు భాగం చూడండి, నీళ్ళు నిలిచి తుప్పుపట్టి చిన్న చిల్లు పడి ఉండొచ్చు, లేదా రాయి తగిలి సీమ్ (అతుకు) విచ్చుకుని ఉండొచ్చు. వెల్డింగ్‌తో పోతుంది. కాకపోతే వెల్డింగ్ చేసేముందు బ్యాటరీ నెగటివ్ తీసేసి సైలెన్సర్ బండి మీంచి దింపి ఇవ్వండి, బండి మీదే పెట్టి కొట్టేస్తానంటే ఒప్పుకోవద్దు, ఈసీయూ పోయే ఛాన్స్ ఉంది.

బయట కొన్న సైలెన్సర్ అయితే కథ వేరు. లోపల చిల్లుల పైపు ఒకటి, దాని చుట్టూ గ్లాస్ వూల్, అంతే ఉంటుంది. ఆ వూలే సౌండ్‌ని మింగేది. వేడికి అది కాలి పొడైపోయి చిల్లుల్లోంచి బయటికి కొట్టుకుపోతుంది, అందుకే కొన్నప్పుడు గుంభనంగా ఉన్న పైపు కొన్నాళ్ళకి రేకు డబ్బాలా కొడుతుంది, బాడీ మీద ఒకచోట రంగు మారి మచ్చ కూడా పడుతుంది. రీప్యాక్ చేయాలి. రివెట్లు డ్రిల్‌తో తీసి మూత లాగి పాత వూల్ మొత్తం పీకేయండి, గ్లౌజులు మాస్క్ లేకుండా ముట్టుకోవద్దు, రెండ్రోజులు దురద పోదు. చిల్లుల పైపుకి పట్టిన మసిని వైర్ బ్రష్‌తో గీకి, సైలెన్సర్ ప్యాకింగ్ అని అమ్మే షీటే తెచ్చి గట్టిగా చుట్టండి, మాస్కింగ్ టేపుతో కట్టి లోపలికి తోయండి, ఆ టేపు తర్వాత కాలిపోతుంది, మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు తెల్లపొగ వస్తే కంగారు పడొద్దు. గిన్నెలు తోమే స్టీల్ పీచు కుక్కే వాళ్ళని చూశా, దయచేసి వద్దు, కాలి ముక్కలై వెనకొచ్చేవాడి మొహాన పడుతుంది.

ఇక చివర్లో డీబీ కిల్లర్ అని సౌండ్ తగ్గించే చిన్న గొట్టం బోల్టుతో బిగించి ఇస్తారు, దాన్ని ఇంటికి తెచ్చిన రోజే పీకి డ్రాయర్‌లో పడేసేవాళ్ళు సౌండ్ ఎక్కువైందని అడగడం ఏంటో నాకు అర్థం కాదు. బోల్టు పెట్టండి, అయిపోయింది.

కొత్త పైపు వేశాక కింద పికప్ పోయింది

సౌండ్ పెరిగింది, అందుకే స్పీడ్ పెరిగినట్టు అనిపిస్తుంది, నిజానికి ఎక్కువసార్లు జరిగేది తిరగబడి ఉంటుంది. పొగకి అడ్డు తక్కువ ఉండే ఫ్రీఫ్లో పైపు వేస్తే పై ఆర్‌పీఎంలో కొంచెం రావచ్చేమో గానీ రాళ్ళ మీద ఫస్ట్ గేర్‌లో నడిపేటప్పుడు కావాల్సింది కింద ఉండే లాగుడు, అది తగ్గుతుంది. కార్బురేటర్ బండి అయితే మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోల్ చాలదు, ప్లగ్ తీసి చూస్తే ఇటుకపొడి రంగులో ఉండాల్సింది తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటుంది, మెయిన్ జెట్ (కార్బురేటర్‌లో పెట్రోల్ వచ్చే చిన్న రంధ్రం) ఒక సైజు పెంచాలి. ఎఫ్ఐ బండిలో ఆక్సిజన్ సెన్సర్ కొంతవరకు సర్దుకుంటుంది, ఫుల్ థ్రాటిల్‌లో మాత్రం సర్దలేదు, అక్కడ ఫ్యూయల్ మ్యాపింగ్ (ఈసీయూలో పెట్రోల్ లెక్క మార్చడం) కావాల్సిందే. బెండు పైపులోంచి క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే భాగం) తీసేసే పైపులు కూడా అమ్ముతున్నారు, హిమాలయన్‌కి మరీ ఎక్కువ, అది వేస్తే పొల్యూషన్ రూల్స్ లెక్కలోంచి బండి బయటపడినట్టే. నా మాట అడిగితే ట్రైల్‌లో తేడా తెలిసే మార్పు కావాలంటే పైపుకి పెట్టే డబ్బుతో వెనక స్ప్రాకెట్ ఒకట్రెండు పళ్ళు ఎక్కువది వేయండి, కింద లాగుడు వెంటనే తెలుస్తుంది, ఎవడూ ఆపడు.

పోలీస్ ఆపాడు, ఫోన్ యాప్‌లో 92 చూపిస్తోంది, లిమిట్ 80 అంట కదా

ఇక్కడ ఒక కన్‌ఫ్యూజన్ ఉంది. మన దేశంలో 175 సీసీ దాటిన టూవీలర్‌కి తయారీ దశలో 80 డెసిబెల్స్ లిమిట్, 80 నుంచి 175 సీసీ వరకు 77, ఎక్స్‌పల్స్ హిమాలయన్ రెండూ 80 లోకి వస్తాయి. కానీ అది బండి రేజ్ మీద పక్కనుంచి వెళ్తుంటే ఏడున్నర మీటర్ల దూరంలో మైక్ పెట్టి కొలిచేది. మీరు సైలెన్సర్ మూతి దగ్గర ఫోన్ పెట్టి కొలిచినదాంతో దాన్ని పోల్చడానికి లేదు. కాలిఫోర్నియాలో ఆఫ్‌రోడ్ బండ్లకి 96 డెసిబెల్స్ అంటారు, అక్కడ ఉండి ట్రైల్స్‌కి వెళ్ళే మనవాళ్ళకి తెలిసే ఉంటుంది, అది 20 అంగుళాల దూరంలో బండి నిలబెట్టి కొలిచే లెక్క, అంకె పెద్దగా ఉందని అక్కడ ఎక్కువ సౌండ్ ఒప్పుకుంటారని కాదు. ఫోన్ యాప్‌ని ఒక్క పనికే వాడండి, ఒకే చోట ఒకే దూరంలో ఒకే ఆర్‌పీఎంలో రిపేర్‌కి ముందు ఎంత తర్వాత ఎంత అని చూసుకోవడానికి. పది డెసిబెల్స్ పెరిగితే చెవికి సుమారు రెట్టింపు సౌండ్ అనిపిస్తుంది, మూడు తగ్గినా మంచిదే.

చట్టం విషయానికొస్తే 2019లో మోటార్ వాహనాల చట్టం మార్చాక చట్టం ఒప్పుకోని విధంగా బండిని మారిస్తే 182ఏ కింద ఒక్కో మార్పుకి 5 వేల ఫైన్ లేదా ఆర్నెల్ల వరకు జైలు, లేదా రెండూ, శబ్దం పొగ రూల్స్ దాటితే 190(2) కింద మొదటిసారే 10 వేల వరకు ఫైన్, మూడు నెలల వరకు జైలు కూడా ఉంది, లైసెన్స్ మూడు నెలలు పోతుంది. వైజాగ్‌లో హైదరాబాద్‌లో పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. పరిష్కారం ఒక్కటే, కంపెనీ సైలెన్సర్ పారేయకుండా దాచుకోండి, రోడ్డు మీద అదే ఉంచండి. ట్రైల్‌లో ఎవరు చూస్తారులే అంటారు, చూడక్కర్లేదు, రెండు కిలోమీటర్ల నుంచి వినపడుతుంది. పొద్దున్నే ఊరి పక్కన పది బండ్లు మోగించుకుంటూ వెళ్తే గేదెలు బెదిరి తాళ్ళు తెంచుకుంటాయి, తర్వాత వారం ఆ దారికి ముళ్ళకంప అడ్డం వేసి ఉంటుంది. రిజర్వ్ ఫారెస్ట్, నల్లమల టైగర్ రిజర్వ్ లోపలికైతే ఏ సైలెన్సర్‌తోనూ ఆఫ్‌రోడింగ్‌కి వెళ్ళకూడదు, కేసు పెడతారు.

హ్యాండిల్ ఎడమకి తిప్పితే ఆర్‌పీఎం దానంతటదే పెరుగుతోంది

హ్యాండిల్ రైజర్లు వేయించారా? అదే. నిలబడి నడపడానికి హ్యాండిల్ పైకి లేపారు, థ్రాటిల్ కేబుల్ పొడవు మాత్రం పాతదే, తిప్పినప్పుడు లాగేస్తోంది. పార్కింగ్‌లో నవ్వుకుంటాం గానీ ఘాట్ మలుపులో అది ప్రాణం మీదకి తెస్తుంది. స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి. కేబుల్ దారి మార్చి ట్యాంక్ కింద ఫ్రీగా ఉండేలా వేస్తే చాలాసార్లు సరిపోతుంది, లేదంటే పొడుగు కేబుల్ వేయాలి. అదే టైంలో క్లచ్ కేబుల్, ముందు బ్రేక్ హోస్ కూడా చూసుకోండి. క్లచ్ లివర్ మొదట్లో రూపాయి బిళ్ళ పట్టేంత ఆట ఉండాలి, అది లేకపోతే క్లచ్ సగం పట్టి ఉండి ప్లేట్లు కాలతాయి, ఎక్కుడులో ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు.

వాగు మధ్యలో ఆగిపోయింది

సెల్ఫ్ కొట్టొద్దు. ఇంకోసారి చెప్తున్నా, సెల్ఫ్ కొట్టొద్దు. సిలిండర్‌లోకి నీళ్ళు వెళ్ళి ఉంటే పిస్టన్ నీళ్ళని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కిల్ స్విచ్ వేసి ఒడ్డుకి తోయండి. ఎయిర్ ఫిల్టర్ తెరవండి, పొడిగా ఉంటే అదృష్టవంతులు, ప్లగ్ క్యాప్ తుడిచి ఆరబెట్టి స్టార్ట్ చేయండి. తడిసి ఉంటే స్పార్క్ ప్లగ్ విప్పేసి, క్యాప్‌ని దూరంగా పెట్టి, అప్పుడు సెల్ఫ్ కొట్టండి, నీళ్ళు ప్లగ్ రంధ్రంలోంచి పిచికారీలా వస్తాయి, మొహం అడ్డం పెట్టకండి. సైలెన్సర్‌లోకి నీళ్ళు పోతే ముందు చక్రం లేపి వెనక్కి వంచితే కారిపోతాయి. ఇంటికొచ్చాక ఇంజిన్ ఆయిల్ అద్దంలోంచి చూడండి, పాలు పోసిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు కలిశాయి, మార్చేయాల్సిందే, కొంచెం తిప్పి ఇంకోసారి కూడా.

దుమ్ములో తిరిగొచ్చాక లాగట్లేదు

ఎయిర్ ఫిల్టర్, ఇంకేం ఆలోచించొద్దు. పేపర్‌ది అయితే మార్చండి, ఫోమ్‌ది అయితే కిరసనాయిల్‌లో కడిగి తర్వాత సబ్బు నీళ్ళలో కడిగి పిండకుండా నొక్కి ఆరబెట్టి ఫిల్టర్ ఆయిల్ పట్టించండి. పెట్రోల్‌తో కడిగితే అతుకులు ఊడతాయి.

చైన్ ఒక్కోసారి బిగుతు, ఒక్కోసారి వదులు

స్ప్రాకెట్ ఒకవైపు ఎక్కువ అరిగినా, చైన్‌లో కొన్ని లింకులు పట్టేసినా ఇలా ఉంటుంది. చక్రం తిప్పుతూ ఎక్కడ బాగా బిగుతుగా ఉందో అక్కడే ఆట సెట్ చేయాలి. సస్పెన్షన్ ఎత్తు పెంచినవాళ్ళు ఇంకాస్త జాగ్రత్త, స్టాక్ ఎక్స్‌పల్స్‌లో వెనక 170 ఎంఎం ఉండే ట్రావెల్ (చక్రం పైకీ కిందకీ కదిలే దూరం) ర్యాలీ సెటప్‌లో 220 అవుతుంది, అంత కిందకి దిగేటప్పుడు ఒకచోట చైన్ పూర్తిగా బిగుస్తుంది, స్టాండ్ మీద స్టిక్కర్ చూసి పెట్టిన లెక్క పనికిరాదు. ఇద్దర్ని ఎక్కించి నొక్కి ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ పివట్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి తిరిగే ఇరుసు), వెనక యాక్సిల్ మూడూ ఒక గీతలోకి వచ్చినప్పుడు కూడా చైన్‌కి కొంచెం ఆట మిగలాలి. లేకపోతే గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ పోతుంది. ఎర్రమట్టిలోకి వెళ్ళేముందు లూబ్ దండిగా కొట్టడం తప్పు, మట్టి అంటుకుని స్ప్రాకెట్‌ని అరగదీస్తుంది.

గాలి తగ్గించాక ట్యూబ్ చిరిగింది, స్పోకులు కిచకిచమంటున్నాయి

ట్యూబ్ టైర్‌లో గాలి మరీ తగ్గిస్తే టైర్ రిమ్ మీద జారి ట్యూబ్‌ని లాక్కెళ్తుంది, వాల్వ్ పక్కకి వంగి కనిపిస్తుంది, అది కనిపించిందంటే ఇంకాసేపట్లో చిరుగుతుంది. రిమ్ లాక్ (టైర్‌ని రిమ్‌కి నొక్కి పట్టే బిగింపు) లేకపోతే 18 పీఎస్ఐ కిందకి వెళ్ళొద్దు. వాల్వ్ నట్టుని రిమ్‌కి బిగించి పెట్టకండి, క్యాప్ వైపు తిప్పి ఉంచితే ట్యూబ్ జారినప్పుడు వాల్వ్ వంగుతూ ముందే చెప్తుంది. స్పోకుల్ని చిన్న స్పానర్‌తో ఒక్కొక్కటీ తట్టండి, టింగ్ అనాలి, టప్ అంటే వదులు, పావు తిప్పు మించకుండా బిగించండి.

ముందు షాకప్ కారుతోంది

వెంటనే ఆయిల్ సీల్ కొనకండి. ఎక్కువసార్లు సీల్ పెదవి కింద ఇసుక రేణువు ఇరుక్కుంటుంది, అంతే. పైన ఉన్న డస్ట్ సీల్‌ని మెల్లగా పైకి లేపి, పాత ఎక్స్‌రే ఫిల్మ్ ముక్కని చివర చిన్న కొక్కెంలా కత్తిరించి, షాకప్ ట్యూబ్‌కీ సీల్‌కీ మధ్య దూర్చి చుట్టూ ఒకసారి తిప్పి పైకి లాగండి, నల్లటి మురికి దాంతో వస్తుంది. తుడిచి హ్యాండిల్ పట్టుకుని పదిసార్లు నొక్కండి, మళ్ళీ తడి గీత రాకపోతే పనైపోయింది. వస్తే మాత్రం ట్యూబ్ మీద వేలితో రాసి చూడండి, గోటికి గీత తగిలితే సీల్ ఎన్నిసార్లు మార్చినా కారుతూనే ఉంటుంది, ఆ గీతని సన్నటి ఎమెరీతో నున్నగా చేశాకే కొత్త సీల్ వేయించండి. ఈలోపు ఆయిల్ డిస్క్ మీదకి చేరిందేమో చూసుకోండి, ప్యాడ్లు ఆయిల్ తాగి ఉంటే కడిగినా లాభం లేదు, మార్చేయండి.